వార్షికోత్సవం నాడు ఎవరి పేర్లు పిలవాలి?

ఈ ఏప్రిల్ రెండో వారంలో ఖమ్మం జిల్లాలోని ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. మా సంఘం ఆ చుట్టుపక్కల కొన్నేళ్ళుగా పనిచేస్తోంది కాబట్టి వేదిక మీద నాకూ ఒక కుర్చీ వేశారు. ఒంటిపూట బడులు కావడంతో ఎండ తగ్గాక సాయంత్రం పెట్టుకున్నారు. షామియానా, మైకు, రంగుకాగితాల తోరణాలు, వాకిట్లో పెద్ద ముగ్గు. ఎవరు వేశారని అడిగితే నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు ముందుకొచ్చి సిగ్గుపడుతూ నవ్వారు. ఉదయం ఆవరణ ఊడ్చి నీళ్ళు చల్లిందీ వాళ్ళేనట. అతిథులకు మంచినీళ్ళు అందించిందీ, పళ్ళాల్లో పూలూ శాలువాలూ పట్టుకుని వరసగా నిలబడిందీ వాళ్ళే. మగపిల్లలు కుర్చీలు మోశారు, మైకు సరిచేశారు, 'మా పాఠశాల' గురించి ఉపన్యాసం చదివారు.

తర్వాత వేషాలు. మగపిల్లలు పోలీసులు, డాక్టర్లు, సైనికులు, అల్లూరి సీతారామరాజు, అంబేద్కర్. ఆడపిల్లలు భరతమాత, బతుకమ్మ ఎత్తుకున్న ఆడపడుచు, పెళ్ళికూతురు. రెండో తరగతి పాప ఒకతె మాత్రం సావిత్రిబాయి ఫూలేగా వచ్చింది. నేర్చుకున్న రెండు మాటలూ మర్చిపోయి, చేతిలో పుస్తకం గట్టిగా పట్టుకుని అలాగే నిలబడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బహుమతులు నా చేతుల మీదుగా ఇప్పించారు. మగపిల్లలకు బ్యాటూ బంతీ, ఆడపిల్లలకు స్టీలు టిఫిను డబ్బాలు. లెక్కల్లో మొదటి బహుమతి ఐదో తరగతి అమ్మాయికి వచ్చింది. ఆమెకూ స్టీలు డబ్బానే. ఇచ్చి చప్పట్లు కొట్టాను. ఇరవై ఏళ్ళుగా ఈ విషయాల మీద మాట్లాడుతున్న నాకు ఆ క్షణంలో అది తట్టనే లేదు. ఇంటికొచ్చాక తట్టింది.

కార్యక్రమం అయిపోయాక ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచి, "జూన్‌లో ఏ బడికి పోతున్నావు తల్లీ?" అని అడిగాను. పిల్ల మాట్లాడలేదు. వాళ్ళమ్మ వైపు చూసింది. చంకలో ఏడాదిన్నర పిల్లాడితో ఉన్న తల్లి అంది: "ఇంకెక్కడి బడక్కా! హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. ఒక్కతే ఎట్టా పోద్ది? ఈణ్ణి ఎవరు చూస్తారు? నేను కూలికి పోకపోతే ఎట్టా గడుస్తది?" ఆ పిల్ల అన్న పక్క టౌనులో ప్రైవేటు బడికి వ్యానులో వెళ్ళి వస్తున్నాడని తర్వాత తెలిసింది.

గంటన్నర సేపు ఆ వేదిక మీద సర్పంచి నుంచి నా దాకా ఎనిమిది మందిమి మాట్లాడాం. బాలికా విద్య గురించి అందరం మాట్లాడాం. ఈ ఐదో తరగతి పిల్లల్లో ఆరో తరగతికి ఎవరు వెళ్తున్నారు, ఎవరు వెళ్ళడం లేదు అని ఒక్కరం కూడా అడగలేదు. ఆ రోజు నుంచి నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇదే. సంవత్సరాంతాన బడి ఏం చూపిస్తోంది? ఏం దాచిపెడుతోంది?

నేను వార్షికోత్సవాలకు వ్యతిరేకిని కాను. కూలి చేసుకునే ఇళ్ళ పిల్లలకు ఏడాదికోసారి వందమంది ముందు నిలబడి తమ పేరు తాము మైకులో చెప్పుకునే అవకాశం చిన్నదేమీ కాదు. ఇద్దరు టీచర్లతో నడిచే బడిలో ఐదు తరగతుల పిల్లలకు ఆటలూ పాటలూ నేర్పి వేదిక ఎక్కించడం ఎంత కష్టమో నాకు తెలుసు. నా మాటల్లా ఒక్కటే. ఏడాది పొడుగునా పుస్తకంలో చెప్పిన పాఠం ఒకటి, చివరి వారంలో చేతలతో చెప్పే పాఠం మరొకటి. పిల్లలకు రెండోదే బాగా గుర్తుంటుంది.

పాఠ్యపుస్తకాల్లో అమ్మ ఎప్పుడూ వంటింట్లోనూ, నాన్న ఎప్పుడూ పేపరు చదువుతూనూ కనిపించడం గురించి స్త్రీల సంఘాలు చాలాకాలం పోట్లాడాయి. 1986 జాతీయ విద్యావిధానంలో స్త్రీల సమానత్వం కోసం విద్య అనే మాట చేరింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తయారుచేసేటప్పుడు జెండర్ సమస్యల మీద ప్రత్యేకంగా ఒక బృందాన్ని వేశారు. పుస్తకాల్లో బొమ్మలు కొంత మారాయి. వార్షికోత్సవానికి మాత్రం పాఠ్యప్రణాళిక లేదు. అది అలవాటు మీద నడుస్తుంది. కాబట్టి పుస్తకంలోంచి వెళ్ళగొట్టిన పాత శ్రమ విభజన చీపురు రూపంలో, పళ్ళెం రూపంలో, స్టీలు డబ్బా రూపంలో ఆ సాయంత్రం తిరిగి వస్తుంది. ఎవరూ కావాలని చేయరు. అందుకే అది అంత గట్టిగా నాటుకుంటుంది.

పట్టణాల్లో నర్సరీల సంగతి వేరు. అక్కడ ఇప్పుడు 'గ్రాడ్యుయేషన్ డే' అంటున్నారు. యు.కె.జి. అయిపోయిన ఐదేళ్ళ పిల్లలకు నల్ల గౌనూ, నాలుగు మూలల టోపీ పెట్టి, చేతిలో చుట్టిన కాగితం పెట్టి ఫొటో తీస్తారు. మా బంధువుల పాప కోసం నేనూ వెళ్ళాను. గౌను అద్దె వేరు, డాన్సు బట్టలు వేరు, ఫొటో వేరు. వారం ముందు నుంచీ ఫోన్లో కబుర్లు మీద కబుర్లు: ఫలానా రంగు గాజులు, ఫలానా పూలజడ, ఫలానా చార్టు. అవి 'పేరెంట్స్'కి అని వస్తాయి గానీ చేసేది తల్లే. ఉద్యోగం చేసే తల్లి సెలవు పెడుతుంది, మిషను కుట్టే తల్లి రాత్రి మేలుకుంటుంది, ఇళ్ళల్లో పనిచేసే తల్లి అప్పు చేస్తుంది. సినిమా పాటకు నాలుగేళ్ళ ఆడపిల్ల చేత పెద్దవాళ్ళ హావభావాలు చేయించి చప్పట్లు కొడతాం. లిప్‌స్టిక్ చెరిగిపోతుందని ఆ పాపకు నీళ్ళు కూడా తాగనివ్వలేదు. రెండు గంటలు అలాగే నిలబడి, పాట మొదలయ్యే వేళకు ఏడ్చేసింది.

దానికి ముందు పరీక్షలు కూడా పెట్టారు. మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు రాత పరీక్షలూ టెస్టులూ తగవని 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం స్పష్టంగా చెప్పింది. బడిలో చేర్చుకోవడానికి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షను చెబుతోంది. మొదటిసారి పెడితే 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా కూడా ఉంది. ఇది ఎంతమంది తల్లులకు తెలుసు? తెలిసినా, పాపను చేర్చుకోరేమోనన్న భయంతో ఎవరు నోరు విప్పుతారు?

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఈ గౌన్ల ఖర్చూ, వ్యాను ఖర్చూ, ఫీజులూ ఒకే ఇంటి సంచిలోంచి వస్తాయి. ఆ సంచి చిన్నదైనప్పుడు ఎవరికి ఇంగ్లీషు మీడియం, ఎవరికి ఊరి బడి అన్నది ముందే తేలిపోతుంది. ఖమ్మం జిల్లా ఊళ్ళో ఆ అన్నాచెల్లెళ్ళ సంగతి అదే. అందుకే పట్టణం నర్సరీలో నల్ల గౌనుకూ, పల్లె బడిలో ఆగిపోయే ఆడపిల్లకూ సంబంధం లేదని అనుకోకూడదు.

ఇక అంగన్‌వాడీలు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐ.సి.డి.ఎస్. పథకంలో పోషణతో పాటు మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు బడికి ముందు చదువు కూడా ఒక భాగం. పేదవాళ్ళ నర్సరీ అదే. అక్కడ పాట నేర్పేదీ, గుడ్డు ఉడికించేదీ, తూకం వేసేదీ, ఇంటింటికీ తిరిగి రిజిస్టర్లు రాసేదీ ఇద్దరు స్త్రీలు: టీచరు, ఆయా. వాళ్ళకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. వాళ్ళకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పవలసి వచ్చింది. ఆ తర్వాత కూడా ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. పసిపిల్లలకు చదువు చెప్పడం తల్లి ప్రేమలాంటిదేననీ, ప్రేమకు జీతమేమిటనీ అనుకునే సమాజమే అమ్మ చేసే పనిని కూడా లెక్కలోకి తీసుకోదు. పదేళ్ళ అక్క చేసే పనిని అసలే తీసుకోదు.

నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇక్కడే ఉంది. ఐదో తరగతి తర్వాత ఆడపిల్లను బడి మాన్పించాలని చాలా ఇళ్ళల్లో ఎవరూ కూర్చుని నిర్ణయించరు. అది మెల్లగా జరిగిపోతుంది. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఇంటికొచ్చిన పిల్లకు తమ్ముణ్ణి అప్పజెప్పి తల్లి పనికి వెళ్తుంది. మిరపకాయ కోతలు ఏప్రిల్ దాకా సాగుతాయి. అవి అయిపోయేసరికి ఏజెన్సీ పక్క ఊళ్ళల్లో తునికాకు మొదలవుతుంది. ఏప్రిల్ 23న బడులు మూసేసి జూన్ 12న తెరవడం మన రెండు రాష్ట్రాల్లోనూ కొన్నేళ్ళుగా ఉన్న పద్ధతి. లెక్కపెట్టి చూడండి, నడుమ 49 రోజులు. ఆ 49 రోజులూ పదేళ్ళ పిల్ల వంట చేస్తుంది, బిందెలు మోస్తుంది, తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది. ఇంటికి ఆమె పని అలవాటైపోతుంది. ఐదో తరగతి లోపు పిల్ల అయితే జూన్‌లో అదే ఊళ్ళో, అదే బడిలో, టీచరు కేకేస్తే వచ్చేస్తుంది. ఐదు పాసైన పిల్లకు ఆ బడిలో పేరు ఉండదు. కొత్త బడిలో పేరు ఇంకా ఎక్కలేదు. రెండు రిజిస్టర్ల మధ్య ఆ పిల్ల జారిపోతుంది. ఏ బడి లెక్కలోనూ ఆమె 'మానేసిన పిల్ల' కాదు. ఆరో తరగతిలో చేరనే లేదు కదా!

చట్టం ఇలా జారిపోనివ్వమని చెప్పలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా చదువు హక్కు. ఐదుతో ఆగిపోయేది కాదు. పై తరగతులు లేని బడిలో చదివిన బిడ్డకు వేరే బడికి మారే హక్కు ఉంది, అడిగిన వెంటనే హెడ్మాస్టరు టి.సి. ఇవ్వాలి, టి.సి. లేదని కొత్త బడివాళ్ళు చేర్చుకోకుండా ఉండకూడదు. ఇదంతా 5వ సెక్షను. తమ పరిధిలోని ప్రతి బిడ్డ చేరికనూ, హాజరునూ, చదువు పూర్తికావడాన్నీ చూడవలసిన బాధ్యత స్థానిక సంస్థలదని 9వ సెక్షను. ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలని కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు. మరి ఆ ఊరికి హైస్కూలు నాలుగు కిలోమీటర్లయితే ఆ తల్లి చెప్పింది సాకు కాదు, ప్రభుత్వం మీద ఫిర్యాదు. మనం దాన్ని 'తల్లిదండ్రుల్లో చైతన్యం లేకపోవడం' అని రాసేస్తున్నాం.

బడి దూరమైతే ముందు ఆగేది ఆడపిల్లే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 జీవో కింద చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను ఊరి బడి నుంచి తీసి హైస్కూళ్ళలో కలిపినప్పుడు తల్లులు రోడ్డెక్కింది అందుకే. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. కాగితం మీద తరగతులను కలపడం, విడదీయడం సులువు. ఎనిమిదేళ్ళ పిల్ల నడక దూరం మాత్రం కాగితం మీద తగ్గదు.

చంటిబిడ్డను ఎవరు చూస్తారన్నది కూడా అలాంటి న్యాయమైన ప్రశ్నే. పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు గానీ అంతకు మించి గానీ ఉంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకు కూలి ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాశారు. ఎన్ని పనిచోట్ల అలా పెట్టగా చూశాం? ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం పాల్నా పేరుతో అంగన్‌వాడీలకు అనుబంధంగా శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టాలని 2022లో కేంద్రం పథకం తెచ్చింది. ఆ ఊళ్ళో దాని పేరు విన్నవాళ్ళు లేరు. పసిపిల్లల కేంద్రం తల్లికి సౌకర్యం అనుకుంటాం. అది పదేళ్ళ అక్క చదువు హక్కు కూడా. అంగన్‌వాడీ టీచరుకూ ఆయాకూ వేసవి సెలవులు ఇవ్వొద్దని నేననడం లేదు. ఆ రేకుల షెడ్లలో మే నెల ఎండకు ఉడికే వాళ్ళకు సెలవు వాళ్ళ హక్కు. ఒక స్త్రీ హక్కును ఇంకో స్త్రీ మీదకు ఎగదోయకుండా, ఆ రోజులకు వేరే మనుషులను, వేరే కూలిని ప్రభుత్వం చూడాలి.

తిండి సంగతీ అంతే. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే బడి మూసినంత మాత్రాన పిల్లల ఆకలి మూతపడదని కోర్టే ఒప్పుకుంది. బడి మూసినంత మాత్రాన పిల్లల మీద బాధ్యత కూడా మూతపడకూడదు.

అయితే ఏం చేయాలి? నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను. కొత్త పథకాలేమీ అక్కర్లేదు.

మొదటిది, వార్షికోత్సవం పనులు చీట్లు వేసి పంచాలి. ఊడ్చే చీటీ మగపిల్లాడికీ రావాలి, మైకు చీటీ ఆడపిల్లకూ రావాలి. బహుమతి అందరికీ ఒకే రకం: పుస్తకమైతే అందరికీ పుస్తకం, బంతి అయితే అందరికీ బంతి.

రెండోది, బట్టలూ డాన్సులూ తగ్గించి, పిల్లలు నిజంగా నేర్చుకున్నవి చూపించాలి. ఊరి చేతిపంపుల్లో ఎన్ని పనిచేస్తున్నాయో నాలుగో తరగతి పిల్లలు లెక్కవేసి చెప్పొచ్చు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా అమ్మ ఏ గంటకు ఏ పని చేస్తుందో, నాన్న ఏం చేస్తాడో ఐదో తరగతి పిల్లలు రాసి గోడకు అంటించొచ్చు. ఆ పట్టిక ముందు నిలబడి ఊరంతా చదువుకోనివ్వండి! నర్సరీ, అంగన్‌వాడీ పిల్లలకు వేదిక అక్కర్లేదు. ఒక ఉదయం తల్లులూ తండ్రులూ వచ్చి కింద కూర్చుని వాళ్ళతో మట్టిబొమ్మలు చేస్తే, వాళ్ళ కథ వింటే చాలు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ సాయంత్రం వేదిక మీద హాజరు పట్టీ చదవాలి. అంగన్‌వాడీలో ఆరేళ్ళు నిండుతున్న ప్రతి బిడ్డ పేరు, ఐదో తరగతి ప్రతి బిడ్డ పేరు పిలిచి, జూన్‌లో ఏ బడికి అని అందరి ముందూ అడగాలి. హైస్కూలు టీచరును అతిథిగా పిలిచి, టి.సి.లు ఆమె చేతికే ఇప్పించాలి. జవాబు లేని పేరు దగ్గర సభ ఆగాలి. దూరమా, పసిబిడ్డా, పెళ్ళి ఆలోచనా? సర్పంచి, హెడ్మాస్టరు, పాఠశాల యాజమాన్య కమిటీ అక్కడే జవాబు చెప్పాలి. ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులూ, మొత్తంలో సగం స్త్రీలూ ఉండాలని విద్యాహక్కు చట్టం 21వ సెక్షను. ఆ స్త్రీలు సంతకాలు పెట్టి వెళ్ళిపోవడానికి కాదు, ఈ ప్రశ్న అడగడానికి. అడిగేటప్పుడు తల్లిని దోషిలా నిలబెట్టకూడదు. నిలబెట్టవలసింది దూరాన్ని, లేని బస్సును, లేని శిశు కేంద్రాన్ని.

నాలుగోది మన పని. ఆ 49 రోజులూ ఊళ్ళో ఉండేది టీచర్లు కాదు, సంఘం స్త్రీలు. ప్రతి పేరుకూ ఒక మనిషి. బెదిరించడానికి కాదు, తోడు నడవడానికి. 1990ల నుంచీ రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషను చేసిన పని మనకు నేర్పిందదే: బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ పేరుతో గుర్తించి, ఊరు ఊరంతా ఆ బిడ్డను తన బాధ్యత అనుకుంటే పని మానిన పిల్లలు బడికి వస్తారు.

లెక్కల్లో మొదటి బహుమతి వచ్చిన ఆ అమ్మాయి ఇంటికి నేనూ, సంఘంలోని మరిద్దరూ ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాం. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ స్టీలు డబ్బాలో తమ్ముడికి పాలబువ్వ కలిపి తినిపిస్తోంది. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. హెడ్మాస్టరు గారు టి.సి. రాసి ఉంచారు. అదే హైస్కూలుకు పోయే ఆడపిల్లలు పక్క ఊళ్ళో ఇద్దరున్నారు, కలిసి నడవొచ్చు. ఆరో తరగతి నుంచి హాస్టలుతో ఉండే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం గురించి కూడా చెప్పాం. "పిల్లను అంత దూరం పంపి ఉండలేను" అంది తల్లి. చంటివాడి సంగతే తేలలేదు. నాయనమ్మ మధ్యాహ్నం దాకా చూస్తానంటోంది, ఆమెకు మోకాళ్ళ నొప్పులు. సూపర్‌వైజరుకు కాగితం ఇచ్చాం, పైకి పంపుతామన్నారు.

నేనిది రాస్తున్న నాటికి జూన్ 12కి ఇంకా 18 రోజులుంది. ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి ఆ రోజు దాటిపోయి ఉంటుంది. ఆరో తరగతి హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు ఉంటుందో ఉండదో ఇప్పుడు చెప్పలేను. మీరు మాత్రం ఇది చదివాక మీ ఊరి ప్రాథమిక బడికి వెళ్ళి, పోయిన ఏడు ఐదో తరగతి చదివిన ఆడపిల్లల పేర్లు అడిగి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని హైస్కూలుకు వెళ్ళి, ఆరో తరగతి పట్టీలో ఒక్కొక్క పేరూ వెతకండి. కనిపించని పేరు దగ్గర నుంచి మన పని మొదలుపెడదాం.